140 చోట్ల అప్లై చేస్తే రెండే ఫోన్లు వచ్చాయి, నాలుగేళ్ల గ్యాప్‌తో రెజ్యూమె ఎలా రాయాలి?

పరకాల_పిల్లగాడు:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నాది 2021 బీటెక్, ఈఈఈ. మాది పరకాల దగ్గర పల్లె. కరోనా వల్ల మా బ్యాచ్‌కి క్యాంపస్ డ్రైవ్‌లు సరిగ్గా జరగలేదు. ఒక ఏడాది అటూ ఇటూ తిరిగా, ఈలోగా 2022 డిసెంబర్‌లో 783 పోస్టులతో గ్రూప్-2 నోటిఫికేషన్ పడింది కదా, ఇక అదే పట్టుకుని కూర్చున్నా. పరీక్ష 2023 ఆగస్టు అన్నారు, తర్వాత నవంబర్, తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు, ఆఖరికి 2024 డిసెంబర్ 15, 16న రాశాను. రాలేదు. ఆ కథ వదిలేయండి.

ఈ జనవరి నుంచి ప్రైవేటు ఉద్యోగాలకు అప్లై చేస్తున్నా. ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (కంపెనీ లెక్కలతో రిపోర్టులు తయారు చేసే పని), జూనియర్ డేటా అనలిస్ట్, బ్యాక్ ఆఫీస్, ఏది కనిపిస్తే దానికి. నౌకరీలో, లింక్డ్‌ఇన్‌లో కలిపి 140 దాటాయి. రెండంటే రెండే ఫోన్లు వచ్చాయి. ఒకరు గ్యాప్ అనగానే పెట్టేశారు. రెండో ఆయన రెజ్యూమె ముందు పెట్టుకుని హాబీస్‌లో చెస్ అని ఉంది కదా, మీకు ఇష్టమైన ఓపెనింగ్ ఏది అన్నాడు. నాకు చెస్ రాదు. ఆ ఫార్మాట్ మా సీనియర్‌ది, పేరూ మార్కులూ మార్చాను, హాబీ మార్చడం మర్చిపోయాను.

రెజ్యూమె మూడు పేజీలు ఉంది. మొదట కెరీర్ ఆబ్జెక్టివ్, తర్వాత టెన్త్, ఇంటర్, బీటెక్ మార్కుల టేబుల్, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు (నిజం చెప్పాలంటే కొన్నదే), స్ట్రెంగ్త్స్, హాబీస్, నాన్న పేరు, పుట్టిన తేదీ, మతం, పెళ్లి కాలేదు అని, తెలిసిన భాషలు, చివర 'ఐ హియర్‌బై డిక్లేర్' పేరా, సంతకం. ఆన్‌లైన్‌లో దొరికిన రెండు కాలమ్స్ టెంప్లేట్ వాడాను, స్కిల్స్ పక్కన చుక్కలు ఉంటాయి చూడండి, ఎక్సెల్‌కి ఐదులో నాలుగు చుక్కలు, అలాంటిది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమీర్‌పేట్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు 60 వేలు కడితే మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతామంటున్నారు. ఆఫర్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ అన్నీ ఇస్తారట. నా రూమ్మేట్లు ఇద్దరు పెట్టించుకుంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది కానీ వేరే దారి కూడా కనిపించడం లేదు.

ఈ నాలుగేళ్లూ నేనేం పూర్తిగా ఖాళీగా లేను. పరకాలలో మా మేనమామ ఎరువుల దుకాణంలో లెక్కలు చూసుకుంటూ చదువుకున్నా, ఇప్పటికీ వారంలో నాలుగు రోజులు అక్కడే ఉంటా. కానీ అది ఎక్స్‌పీరియన్స్ కిందికి రాదు కదా, అందుకే రెజ్యూమెలో రాయలేదు.


ఎస్సార్‌నగర్_హాస్టల్:

బ్రో, మన ఏరియాలో సగం మంది అలాగే వచ్చారు. ఫ్రెషర్ అంటే ఎవడూ ఫోన్ చేయడు, అందులోనూ 2021 పాసవుట్ అంటే ఫిల్టర్‌లోనే పోతావు. పెట్టించుకో, మూడు నెలలు కష్టపడి సబ్జెక్ట్ నేర్చుకో, లోపలికి వెళ్లాక నీ పని నువ్వు చేస్తే ఎవడూ అడగడు. ఇప్పుడు వాళ్లు పీఎఫ్ కూడా కడుతున్నారు. 60 వేలు మాత్రం ఎక్కువ, బేరం ఆడు.


మళ్లీ_మొదటికొచ్చా:

తమ్ముడూ, పైన చెప్పిన సలహా నేను 2022లో పాటించా. ఉద్యోగం వచ్చింది కూడా. పెద్ద కంపెనీయే, పేరెందుకులే. నాలుగో నెలలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్ట్ వచ్చింది. మధ్యాహ్నం మీటింగ్ అని పిలిచారు, సాయంత్రం ఐదింటికల్లా లాప్‌టాప్, ఐడీ కార్డు ఇచ్చేసి గేటు బయట ఉన్నా. కన్సల్టెన్సీ వాడికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్, ఆఫీసుకు వెళ్తే అక్కడ జిరాక్స్ షాపు పెట్టారు.

ఉద్యోగం పోవడం ఒక ఎత్తు. తర్వాత ఆ నాలుగు నెలలు చూపించాలా వద్దా అన్నది ఇంకో ఎత్తు. పీఎఫ్‌లో ఆ కంపెనీ పేరు ఎక్కింది కదా, దాచలేను. చూపిస్తే 'ఎందుకు మానేశారు' అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు లేక ఏడాదిన్నర పోయింది. ఇంట్లో ఇప్పటికీ కంపెనీయే మూతపడింది అనుకుంటున్నారు.


రిక్రూటర్_అక్క:

తొమ్మిదేళ్లుగా రెజ్యూమెలు చదవడమే నా పని, గచ్చిబౌలిలో ఓ మధ్యరకం కంపెనీలో. కాస్త పెద్దగానే రాస్తున్నా, ఆదివారం కాబట్టి.

ముందు ఆ ఎక్స్‌పీరియన్స్ సంగతి. పే స్లిప్పు చూసి నమ్మే కాలం పోయింది. మేము అడిగేది యూఏఎన్, అంటే పీఎఫ్‌లో ఒక్కో ఉద్యోగికి ఇచ్చే పన్నెండంకెల నంబర్. దాని సర్వీస్ హిస్టరీలో నువ్వు ఏ కంపెనీలో ఏ తేదీన చేరావో, ఎప్పుడు మానేశావో ఉంటుంది. పీఎఫ్ కడతామంటున్నారు అన్నాడు ఎస్సార్‌నగర్ తమ్ముడు. ఇవాళ కట్టి 2022లో కట్టినట్టు చూపించలేరు, ఏ నెల జీతానికి ఏ తారీఖున జమ అయిందో పాస్‌బుక్‌లో రెండూ కనిపిస్తాయి. 20 మంది కన్నా తక్కువ ఉన్న చిన్న సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి కాదు, మాకూ తెలుసు, అలాంటప్పుడు జీతం పడిన బ్యాంక్ స్టేట్‌మెంట్ అడుగుతాం, జీతంలో టీడీఎస్ (ముందే కోసే పన్ను) కోశారంటే ఆ కోత చూపించే ఫారం 26ఏఎస్ అడుగుతాం. ఇవన్నీ దాటి వచ్చినా ఒక మెట్టు ఉంది. ఇలాంటి లెటర్లు అమ్మే కంపెనీల పేర్లు వెరిఫికేషన్ వాళ్ల దగ్గర జాబితాలుగా ఉంటాయి. ఒకే అడ్రస్ నుంచి వందల మంది 'సీనియర్ అనలిస్టులు' వస్తే ఎవరికైనా తెలిసిపోదా. దొంగ కాగితాలు చూపించడం నేరం కూడా, అది మాత్రం కన్సల్టెన్సీ వాడు నీకు చెప్పడు.

ఇక రెజ్యూమె. నువ్వు రాసిన పోస్టు మొత్తంలో నాకు పనికొచ్చింది ఆఖరి పేరా ఒక్కటే, నువ్వేమో అదొక్కటే రెజ్యూమెలో పెట్టలేదు.

మా దగ్గర ఒక్కో ఎంఐఎస్ పోస్టుకు మూడు నాలుగు వందలు వస్తాయి. మొదటి చూపులో ఒక్కోదానికి అర నిమిషం కూడా పెట్టను, అబద్ధం ఎందుకు. మొదటి పేజీ పైభాగంలో మూడు విషయాలు వెతుకుతా. ఏ ఊళ్లో ఉన్నాడు, ఇప్పుడు ఏం చేస్తున్నాడు, నేనడిగిన టూల్స్ ఇతని చేతిలో నిజంగా నలిగాయా. నీ పేజీలో ఆ చోట్లో ఉన్నది కెరీర్ ఆబ్జెక్టివ్. 'టు వర్క్ ఇన్ ఎ ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్'... అది రాసినవాళ్లు ఆ రోజు నా టేబుల్ మీద ఇంకో రెండొందల మంది ఉంటారు. తీసేయ్. స్ట్రెంగ్త్స్ తీసేయ్. 'హార్డ్‌వర్కింగ్, క్విక్ లెర్నర్' కానివాడు నాకింతవరకు తగల్లేదు. నాన్న పేరు, మతం, పెళ్లి, డిక్లరేషన్, సంతకం కూడా తీసేయ్. ఇవి సర్కారు దరఖాస్తుల నుంచి అలవాటైపోయాయి, పెళ్లి బయోడేటాకీ దీనికీ తేడా ఉండాలి కదా. ఆధార్, పాన్ నంబర్లు ఎప్పుడూ రాయకు, ఆ ఫైలు ఎన్ని చేతులు మారుతుందో ఎవరికీ తెలియదు. టెన్త్, ఇంటర్, బీటెక్ మూడు లైన్లలో కింద ఉంటే చాలు. కొన్న ప్రాజెక్టు గురించి నేను అడక్కముందే తీసేయ్.

మిషన్ రిజెక్ట్ చేస్తుందని అందరూ భయపడుతుంటారు, ఏటీఎస్ ఏటీఎస్ అని, అంటే వచ్చిన రెజ్యూమెలు దాచిపెట్టి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్. నేను పనిచేసిన చోట్ల అది దానంతట అది ఎవరినీ తిప్పి పంపలేదు. చేసేది రెండు పనులు. ఒకటి, అప్లై చేసేటప్పుడు నువ్వే నింపే ప్రశ్నలు ఉంటాయి కదా, ఏ సంవత్సరం పాసయ్యావు, ఎప్పుడు చేరగలవు అని, వాటి మీద వడపోస్తుంది. రెండు, నేను 'ఎక్సెల్, పివట్ (ఎక్సెల్‌లో లెక్కలను గుంపులుగా కూడి చూపే టేబుల్), జీఎస్టీ' అని వెతికితే ఆ మాటలున్న రెజ్యూమెలు పైకి తెస్తుంది. నీ రెండు కాలమ్స్ టెంప్లేట్‌తో చిక్కు ఇక్కడే వస్తుంది. చాలాసార్లు ఎడమ కాలమ్ సగం వాక్యం, కుడి కాలమ్ సగం వాక్యం కలిసిపోయి కిచిడీ అవుతుంది. నువ్వే చూసుకోవచ్చు, నీ పీడీఎఫ్ తెరిచి అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చెయ్. అక్కడ వరుసగా చదవగలిగితే మిషన్ కూడా చదువుతుంది. ఇక ఆ చుక్కలు... ఐదులో నాలుగు చుక్కలు అంటే నాకేం అర్థం కావాలి? ఐదో చుక్కలో ఏముందట?

ఇప్పుడు దుకాణం. కాగితం తీసుకుని ముందు తెలుగులో రాయి. పరకాల నుంచి హన్మకొండ బస్సులో పక్క సీటు పెద్దాయన 'ఏం పని జేస్తున్నవ్ బిడ్డా' అంటే ఏం చెప్తావో అలా రాయి. రోజుకు ఎన్ని బస్తాలు, ఎంతమంది రైతులు, నువ్వు రాకముందు లెక్కలు ఎలా ఉండేవి, వచ్చాక ఏం మారింది. ఇంగ్లీష్ తర్వాత చూద్దాం. నేరుగా ఇంగ్లీష్‌లో మొదలుపెడితే మనకు ఎదుటివాళ్ల వాక్యాలే గుర్తొస్తాయి, నీకు సీనియర్ చెస్ వచ్చినట్టు.

రాసి ఇక్కడే పెట్టు.


డల్లాస్_బాబాయ్:

అక్క చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. ఇక్కడ అమెరికాలో రెజ్యూమె మీద ఫోటో, వయసు, పెళ్లి వివరాలు ఉంటే హెచ్‌ఆర్ వాళ్లే ఇబ్బంది పడతారు, వివక్ష కేసుల భయం. సీవీ అంటే ఇక్కడ ప్రొఫెసర్లు, రీసెర్చ్ వాళ్లు రాసుకునే పొడుగాటిది, మిగతా అందరిదీ రెజ్యూమె, కొత్తవాళ్లకు ఒక పేజీ. నా మొదటి రెజ్యూమె 1999లో అమీర్‌పేట్ నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని కట్టి టైప్ చేయించుకున్నా, వైటూకే రోజులు, 2000 సంవత్సరం తేదీల చిక్కు సరిచేయడానికి కంప్యూటర్ వాళ్లు కావాల్సిన కాలం, పేరు రాస్తే చాలు వీసా వచ్చేది అన్నట్టుండేది. ఇప్పుడలా కాదు. ప్రతి ఉద్యోగానికీ రెజ్యూమె విడిగా రాయాలి బాబూ, 140కి ఒకటే పంపితే ఎలా.


రిక్రూటర్_అక్క:

బాబాయ్ గారూ, 140కి 140 రకాలు రాస్తూ కూర్చుంటే వచ్చే గ్రూప్-2 వచ్చేస్తుంది. ఈ అబ్బాయికి రెండు చాలు, అకౌంట్స్ వైపు ఒకటి, ఎంఐఎస్ వైపు ఒకటి. ప్రకటన చదివి పై రెండు లైన్లు మార్చుకుంటే సరిపోతుంది. రోజుకు పది బదులు మూడే పంపమనండి, అది మాత్రం ఒప్పుకుంటా.


పరకాల_పిల్లగాడు:

అక్కా, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూశా. 'ఎక్సెల్ తండ్రి పేరు' అని ఒకే లైన్లో వచ్చింది. సిగ్గుపోయింది.

మీరు చెప్పినట్టు బస్సులో పెద్దాయనకు చెప్పినట్టు రాశా:

'ఎరువులు, పురుగుమందులు, విత్తనాల దుకాణం, 2022 జూన్ నుంచి పని చేస్తున్నా. సీజన్‌లో రోజుకు 150 నుంచి 200 బస్తాలు పోతాయి. యూరియా అయినా డీఏపీ అయినా పాస్ మిషన్‌లో రైతు ఆధార్, వేలిముద్ర పెట్టించి అమ్మాలి. రాత్రి మూసేముందు మిషన్‌లో స్టాకు, గోదాంలో స్టాకు సరిపోవాలి, వ్యవసాయ అధికారి వస్తే ముందు చూసేది అదే. నేను రాకముందు ఈ తేడా నెలకోసారి దొరికేది, అప్పుడు ఎవరు ఎక్కడ తప్పు కొట్టారో తెలిసేది కాదు. నేను రోజూ సరిచూడటం మొదలుపెట్టా. బిల్లులు ట్యాలీలో కొడతా, ఎరువులకు 5 శాతం, పురుగుమందులకు 18 శాతం జీఎస్టీ, విత్తనాలకు లేదు, నెలాఖరుకు విడదీసి ఆడిటర్‌కి పంపుతా. ఉద్దెర ఖాతాలు 340 ఉన్నాయి. అన్నీ నోటుబుక్కుల్లో ఉండేవి. రెండు నెలలు కూర్చుని ఎక్సెల్‌లోకి ఎక్కించా. ఇప్పుడు పత్తి అమ్మకాలు మొదలవగానే ఏ ఊరి నుంచి ఎంత రావాలో పివట్‌లో తీసి మామయ్యకు ఇస్తా, అంతకుముందు ఆ లెక్కకే మూడు నాలుగు రోజులు పట్టేది.'

దీన్ని ఇంగ్లీష్‌లో ఇలా అనుకుంటున్నా: హోదా 'ఆపరేషన్స్ మేనేజర్', మొదటి లైన్ 'అగ్రి ఇన్‌పుట్స్ సప్లై చైన్ మొత్తం చూసుకున్నా' అని. బాగుంటుందా?


పివట్_పంతులు:

ఎంఐఎస్‌లో ఆరేళ్లుగా ఉన్నా, మా టీమ్‌కి ఇంటర్వ్యూలు కూడా నేనే చేస్తా. తమ్ముడూ, తెలుగులో రాసింది చదువుతుంటే నీకు ఫోన్ చేయాలనిపించింది, ఆఖరి రెండు లైన్లు చదివాక మానేద్దామనిపించింది. సప్లై చైన్ అని రాస్తే నేను లీడ్ టైమ్ అడుగుతా, రీఆర్డర్ లెవెల్ అడుగుతా, నువ్వు నీళ్లు నములుతావు. 'అకౌంట్స్, స్టాక్ అసిస్టెంట్' అని రాయి. చిన్న హోదా కింద గట్టి పని కనిపిస్తే ముచ్చటేస్తుంది, అదే పెద్ద హోదా కింద బస్తాల లెక్క కనిపిస్తే నవ్వొస్తుంది.

నేను వాడే కొలత చెప్తా. రాసిన ప్రతి లైన్ మీదా వరసగా మూడు ప్రశ్నలు వేసుకో. 340 ఖాతాలు ఎక్సెల్‌లోకి ఎక్కించావు. ఒకే పేరున్న రైతులు ఇద్దరుంటే ఎలా విడదీశావు? పాత బాకీ, వడ్డీ ఒకే కాలమ్‌లో పెట్టావా? ఎవరైనా 'నేను కట్టేశా' అంటే ఎక్కడ చూసి చెప్తావు? మూడింటికీ జవాబు వస్తే ఆ లైన్ ఉంచు, రాకపోతే తగ్గించి రాయి. నీకు వస్తాయనే అనుకుంటున్నా, ఎందుకంటే ఆ గొడవలు పడకుండా 340 మంది ఖాతా ఎవరూ ఎక్కించలేరు. నిజానికి ఇంటర్వ్యూలో చెప్పాల్సింది కూడా ఆ గొడవలే.

ఎక్సెల్ తెలుసు అని ఒట్టిగా రాయకు, పివట్, వీ-లుకప్ (ఒక పట్టికలోంచి వివరం వెతికి తెచ్చే ఫార్ములా) అని పేరుతో రాయి, ఏ పనికి వాడావో ఆ లైన్‌లోనే ఉండాలి. పక్కన ఒక చిన్న సొంత ప్రాజెక్టు చెయ్. అగ్‌మార్క్‌నెట్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో వ్యవసాయ మార్కెట్ల రోజువారీ ధరలు ఉచితంగా దొరుకుతాయి. వరంగల్ ఎనుమాముల పత్తి ధరలు రెండేళ్లవి దించుకుని నెలవారీగా ఎలా కదిలాయో ఒక షీట్ చెయ్, మీ ఉద్దెర వసూళ్లు ఏ వారంలో ఎక్కువ వచ్చాయో దాని పక్కన పెట్టి చూడు. ఈ ప్రశ్న మీ ఊళ్లో పుట్టినవాడికే వస్తుంది, అమీర్‌పేట్ కోర్సులో నేర్పే టైటానిక్ ఓడ ప్రయాణికుల డేటా ప్రాజెక్టు నేను ఇప్పటికే చాలాసార్లు చూశాను. రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం బయటపెట్టకు.


రిక్రూటర్_అక్క:

పంతులు గారి మాటే నా మాట. మిగిలినవి గబగబా చెప్తా.

గ్యాప్ అన్న మాట ఎక్కడా రాయకు, ఎందుకంటే మొదటి ఏడాది తప్ప గ్యాప్ లేదు. దుకాణం పని 2022 జూన్ నుంచి ఇప్పటిదాకా అని తేదీలతో రాయి, కింద ఒక్క లైన్, 'దీంతోపాటు 2024 డిసెంబర్ వరకు గ్రూప్-2కి చదివాను'. ఫోన్లో అడిగితే క్షమాపణ అడుగుతున్న గొంతుతో చెప్పకు. పరీక్ష వాయిదాల సంగతి హైదరాబాద్‌లో హెచ్‌ఆర్‌లందరికీ తెలుసు, మా ఇళ్లల్లోనూ రాసినవాళ్లున్నారు.

దుకాణం మేనమామది అని అడిగితే దాచకు. బిల్లు పుస్తకం మీదుండే పేరు, అడ్రస్‌తో ఒక లెటర్ రాయించుకో, ఎప్పటి నుంచి ఏం చేస్తున్నావో. డబ్బు చేతికిస్తున్నాడా? ఈ నెల నుంచైనా అకౌంట్‌లో వేయమను. పాత నెలలకు మాత్రం ఏమీ సృష్టించకండి.

మెయిల్ ఐడీ చూసుకో, హీరో పేరు పక్కన 143 ఉంటే కొత్తది తెరువు. ఫైల్ పేరు 'న్యూ ఫైనల్ 3' అని కాకుండా నీ పేరు, ఉద్యోగం పేరు. మెయిల్ ఖాళీగా పంపి కింద అటాచ్‌మెంట్ వేలాడదీయకు, నాలుగు వాక్యాలు రాయి. డబ్బు అడిగే ఏ ఉద్యోగానికీ అప్లై చేయకు. నౌకరీలో ప్రొఫైల్ హెడ్‌లైన్ కూడా మార్చు, నేను వెతికినప్పుడు పేరు పక్కన మొదట కనిపించేది అదే.


పరకాల_పిల్లగాడు:

అక్కా, పంతులన్నా, ఒక పేజీలోకి వచ్చింది. చెస్ తీసేశా. కన్సల్టెన్సీ వాడు రెండుసార్లు ఫోన్ చేశాడు, 45 వేలకు దిగాడు, ఎత్తడం లేదు. కొత్తది నిన్న మూడు చోట్లకు పంపా.

లెటర్ కోసం మామయ్య దగ్గరికి వెళ్లా. మొత్తం చదివించుకుని విన్నాడు, 340 ఖాతాల దగ్గర ఒకసారి నా మొహం చూశాడు. సంతకం పెట్టి స్టాంపు కొట్టి, 'వానాకాలం మొదలవుతోంది, ఆ ఎక్సెల్ ఎవరు చూస్తరు? నాకు నేర్పి పో' అన్నాడు.

ఇప్పుడు ఆ ఫారాల్లో నోటీస్ పీరియడ్ అని, ఉన్న పని వదిలి రావడానికి ఎన్ని రోజులు కావాలో అడిగే గడి ఒకటి ఉంటుంది కదా, ఇన్నాళ్లూ సున్నా అని పెట్టేవాణ్ని. ఏం రాయమంటారు?


రిక్రూటర్_అక్క:

30 రోజులు అని పెట్టు. ముందు ఆయనకు ఫిల్టర్ వేయడం నేర్పించు, పివట్ తర్వాత.